పూర్తి రోజు టికెట్ కొన్నాం, సాయంత్రానికే గేటు మూసేశారు. థీమ్ పార్కుల్లో రాత్రి పార్టీల పద్ధతి మీకు న్యాయంగా ఉందా?

వేసవిసెలవు
పోయిన వారం పిల్లలిద్దరినీ, మా అత్తగారినీ తీసుకుని ఒక పెద్ద థీమ్ పార్కుకి వెళ్లాం. పేరు రాయను, ఎందుకంటే ఇది ఒక్క పార్కుతో వచ్చిన గొడవ కాదు. అత్తగారు వచ్చే నెల తిరిగి వెళ్లిపోతున్నారు, మళ్లీ ఎప్పుడొస్తారో తెలీదు. ఆవిడ అడిగింది ఒక్కటే, రాత్రి పూట బాణసంచా చూడాలని.

మధ్యాహ్నం ఎండకి పిల్లలు సోలిపోతే హోటల్‌కి తీసుకెళ్లి కాసేపు పడుకోబెట్టి, చీకటి పడే వేళకి మళ్లీ వచ్చాం. గేటు దగ్గర ఆపేశారు. ఈ రాత్రి ప్రత్యేక పార్టీ ఉందట, దానికి వేరే టికెట్ కావాలట, మా టికెట్‌తో లోపలికి వెళ్లే టైం అయిపోయిందట. మామూలు రోజుల్లో అదే పార్కు ఇంకో నాలుగు గంటలు తెరిచి ఉంటుంది. ముందు రోజు టికెట్ ధరా, మేం వెళ్లిన రోజు ధరా ఒకటే. కొన్నప్పుడు పేజీలో తేదీ ఉంది, ధర ఉంది. ముందే మూసేస్తామన్న మాట నాకు ఎక్కడా కనబడలేదు. తర్వాత వెతికితే వేళల పేజీలో దొరికింది.

పోనీ పార్టీ టికెట్టే కొందామంటే ఆ రాత్రికి అన్నీ అయిపోయాయన్నారు. అత్తగారు వీల్‌చైర్‌లో కూర్చుని "పోనీలే అమ్మా, పగలంతా చూశాంగా" అన్నారు. ఆవిడ అలా అన్నందుకే నాకు ఎక్కువ బాధేసింది.

రాత్రి పార్టీ పెట్టుకోవడం తప్పని నేను అనను. కానీ పగటి టికెట్‌లోంచి నాలుగు గంటలు కోసేసి అదే డబ్బు తీసుకోవడం సబబేనా? మీలో ఎవరికైనా ఇలా అయ్యిందా?

రెండోకాఫీ
వేళల పేజీ చూసుకోకపోవడం మన పొరపాటు కూడా కదండీ. పార్టీ తేదీలు నెలల ముందే ప్రకటిస్తారు.

వేసవిసెలవు
చూసుకోకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ బస్సు టికెట్ అమ్మేటప్పుడు "ఈ బస్సు ఈ రోజు ఊరి దాకా వెళ్లదు" అని ఆ టికెట్ మీదే రాయాలి కదా. వేరే గోడ మీద అంటించి, చదవలేదేం అంటే ఎలా?

గోదారిగట్టు
మాకూ అయ్యింది, వేరే పార్కులో. మా చిన్నది "నాన్నా, వాళ్లందరూ రాకుమారిలా తయారై లోపలికి వెళ్తున్నారు, మనం ఎందుకు బయటికి వస్తున్నాం" అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను.

లెక్కలపుస్తకం
బయట అందరికీ తెలిసిన ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. అమెరికాలోని ఓర్లాండోలో డిస్నీ వాళ్ల మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో హాలోవీన్ (అక్టోబర్ 31న వేషాలు వేసుకునే పండుగ) పార్టీ రాత్రి 7 నుంచి 12 దాకా. పార్టీ టికెట్ ఉన్నవాళ్లని సాయంత్రం 4 నుంచే రానిస్తారు. పగటి టికెట్ వాళ్లకి 6 గంటలకి మూసేస్తారు.

ఉదయం 9 నుంచి రాత్రి 10 దాకా ఉండే రోజుకి 13 గంటలు. పార్టీ రోజున 9 గంటలే. అంటే దాదాపు మూడో వంతు పోయినట్టు. లెక్క కోసం టికెట్ 150 డాలర్లనుకోండి. మామూలు రోజున గంటకి పదకొండున్నర డాలర్లు పడితే, పార్టీ రోజున దాదాపు పదహారు డెబ్బై పడుతుంది. పోయినవి కూడా మామూలు గంటలు కావు. చల్లబడ్డాక, దీపాలు వెలిగాక, బాణసంచా ఉండే గంటలు.

ఇక పార్టీ ధర. 2019లో ఆ హాలోవీన్ పార్టీ 79 నుంచి 135 డాలర్లు ఉండేది. 2021లో దాని బదులు మూడు గంటల కార్యక్రమం పెట్టి 129 నుంచి 199 తీసుకున్నారు. 2022లో మళ్లీ ఐదు గంటల పార్టీ తెచ్చారు, కానీ ధర మాత్రం 109 నుంచి 199. 2025కి వచ్చేసరికి 119 నుంచి 229. పిల్లలకి (3 నుంచి 9 ఏళ్లు) పది డాలర్లు తక్కువ. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలైతే అతి చవక రాత్రికి పన్నుతో 485 దాటుతుంది, అతి ఖరీదైన రాత్రికి 954 దాటుతుంది. ఇది పగటి టికెట్ కాకుండా.

రెండోకాఫీ
954 డాలర్లా! ఒక్క సాయంత్రానికి?

లెక్కలపుస్తకం
ఆ ధర హాలోవీన్ దగ్గర పడ్డ రాత్రులకి. ఆగస్టులో అయితే కింది ధర. హాలోవీన్ పార్టీ ఆగస్టులోనే మొదలైపోతుంది మరి.

కవలలఅమ్మ
నేను ఒప్పుకోను. మా పిల్లలకి మూడేళ్లు, ఏడున్నరకి నిద్రపోతారు. మాకు పార్టీ ఉన్న రోజే బంగారం. రాత్రి దాకా ఉండాలనుకునేవాళ్లు ఆ రోజు రారు కాబట్టి పొద్దున క్యూలు చిన్నగా ఉంటాయి. పోయినసారి మధ్యాహ్నం ఒంటిగంటకే పిల్లలు అనుకున్నవన్నీ ఎక్కేశారు. మామూలు రోజైతే సగం కూడా అయ్యేవి కావు. గంటలు లెక్కపెట్టే బదులు ఎన్ని రైడ్లు ఎక్కామో లెక్కపెట్టండి.

లెక్కలపుస్తకం
కవలలఅమ్మ గారూ, ఇది నిజమే, నేను రాయాల్సింది. ఎక్కడానికే వెళ్లేవాళ్లకి పార్టీ రోజు పగలు మంచి బేరం. అయితే అది తెలిసి ఎంచుకున్నవాళ్లకి. తెలియక ఆ రోజున వచ్చి పడ్డవాళ్లకి కాదు. వేసవిసెలవు గారి అత్తగారు రైడ్ల కోసం వెళ్లలేదుగా.

కవలలఅమ్మ
అది మాత్రం నిజం. ఆవిడ మాట చదివి నాకూ మనసు బరువెక్కింది.

పాతయూనిఫారం
నేను రెండేళ్లు ఒక థీమ్ పార్కులో పనిచేశాను, పేరు వద్దు. లోపలి నుంచి ఇది ఎలా ఉంటుందో చెప్తాను.

మూసే వేళకి గంట ముందు మేం జట్లుగా విడిపోయేవాళ్లం. ఒక జట్టు పార్టీ టికెట్ ఉన్నవాళ్లకి చేతికి పట్టీలు కడుతుంది. ఇంకో జట్టు పార్కు వెనక మూలల నుంచి మొదలుపెట్టి, పట్టీ లేనివాళ్లని మెల్లగా గేటు వైపు నడిపిస్తుంది. అప్పటికే క్యూలో ఉన్నవాళ్లని ఎక్కనిచ్చేవాళ్లం, దిగాక మాత్రం బయటికే. ఆ గంటలో ఏడ్చిన పిల్లలు, కోపంతో అరిచిన నాన్నలు, నిశ్శబ్దంగా వెళ్లిపోయిన పెద్దవాళ్లు, అందరినీ చూశాను. తిట్లన్నీ తినేది గంటకి జీతం తీసుకునే కుర్రాళ్లు. ధర పెట్టినవాళ్లు అక్కడ ఉండరు. దయచేసి గేటు దగ్గర ఉన్నవాళ్ల మీద విరుచుకుపడకండి.

ఇలా ఎందుకు చేస్తారంటే, బడులు తెరిచాక సెప్టెంబర్‌లో పార్కులు ఖాళీ. జనం తక్కువ ఉన్న రోజుని రాత్రి 11 దాకా నడిపితే ఖర్చు అంతే, రాబడి తక్కువ. అదే రోజుని రెండు ముక్కలు చేసి పగలు ఒకసారి, రాత్రి ఒకసారి అమ్మితే గేటు రెండుసార్లు తిరుగుతుంది. రాత్రి వచ్చేవాళ్లు ఆ పూట కోసమే ప్రత్యేకంగా వస్తారు, కొంటారు. వ్యాపారంగా చూస్తే అర్థముంది. కానీ పగటి మనిషికి ఆ విషయం టికెట్ కొనేచోటే చెప్పి తీరాలి. నేను అక్కడ పనిచేసినప్పుడూ ఇదే అన్నాను.

గోదారిగట్టు
"నిశ్శబ్దంగా వెళ్లిపోయిన పెద్దవాళ్లు" అని మీరు రాసింది చదివి మా నాన్న గుర్తొచ్చారు.

బొమ్మలపెట్టె
అందరూ తిడుతున్నారు కానీ మేం ఆ మ్యాజిక్ కింగ్‌డమ్ హాలోవీన్ పార్టీకి వెళ్లాం, చాలా బాగుంది. పరేడ్ మొదట్లో తల లేని రౌతు గుర్రం మీద దూసుకొస్తాడు, మా వాడు నా చెయ్యి వదిలితే ఒట్టు. దారి పొడవునా చాక్లెట్లు పంచుతారు, ఇంటికొచ్చి చూస్తే సంచి వాడి కంటే బరువుంది. పెద్దవాళ్లు కూడా వేషం వేసుకోవచ్చు, మామూలు రోజుల్లో అక్కడ 14 ఏళ్లు నిండినవాళ్లకి కుదరదు. టికెట్లకి పరిమితి ఉంది కాబట్టి రైడ్ల దగ్గర జనం తక్కువ. మళ్లీ వెళ్తావా అంటే వెళ్తాను.

వేసవిసెలవు
బొమ్మలపెట్టె గారూ, పార్టీ బాగుండదని నేను అనలేదండీ. మీ వాడు సంతోషపడ్డాడంటే నాకూ సంతోషమే. నా బాధ అంతా పార్టీకి రాని మనిషి గురించి. మీ రాత్రికి మీరు పూర్తి ధర కట్టారు, మీకు పూర్తి రాత్రి దొరికింది. నేను పూర్తి రోజుకి కట్టాను, నాకు ముక్క దొరికింది.

తీరికవేళ
నచ్చకపోతే కొనొద్దు, ఎవరూ బలవంతపెట్టలేదు కదా. అది వాళ్ల పార్కు, వాళ్ల ఇష్టం.

వేసవిసెలవు
పార్టీ టికెట్ నా ఇష్టం. గంటల కోత నా ఇష్టం కాదు. ఆ రెంటినీ కలిపేయకండి.

వార్షికపాస్
నా గోడు కూడా వినండి. నా దగ్గర ఏడాది పాస్ ఉంది. పనయ్యాక సాయంత్రం ఓ రెండు గంటలు వెళ్లి కూర్చుని, పాటలు విని, ఓ రైడ్ ఎక్కి రావడం నాకు అలవాటు. ఆ పాస్‌తో పార్టీలకి రానివ్వరు. సెప్టెంబర్, అక్టోబర్‌లో హాలోవీన్, నవంబర్ నుంచి క్రిస్మస్. పనికెళ్లే మనిషికి మిగిలేవే సాయంత్రాలు, వాటిలోనే ఇన్ని పోతున్నాయి. పాస్ ధర మాత్రం ఏటా పెరిగింది.

లెక్కలపుస్తకం
మ్యాజిక్ కింగ్‌డమ్‌లో క్రిస్మస్ పార్టీ 1983లోనే మొదలైంది. హాలోవీన్ పార్టీ 1995లో ఒకే ఒక్క రాత్రి, టికెట్ 20 డాలర్ల లోపు. ఇప్పుడు ఆగస్టు నుంచి అక్టోబర్ 31 దాకా ముప్పైకి పైగా రాత్రులు. ఒక్క రాత్రిని ఎవరూ తప్పుపట్టరు. రాత్రుల సంఖ్య పెరిగేకొద్దీ "ప్రత్యేకం" అన్న మాట అరిగిపోతూ వచ్చింది, పగటివాళ్ల సాయంత్రాలు తరిగిపోతూ వచ్చాయి.

పాతయూనిఫారం
ఇంకో మార్పు కూడా గుర్తు చేయాలి. ఒకప్పుడు డిస్నీ హోటళ్లలో దిగినవాళ్లందరికీ కొన్ని రోజుల్లో రాత్రి అదనపు గంటలు ఉచితంగా ఉండేవి. 2021లో అది తీసేశారు. బదులుగా రోజూ పొద్దున అరగంట ముందు రానిస్తారు. రాత్రి రెండు గంటల అదనం మాత్రం ఖరీదైన హోటళ్లలో దిగినవాళ్లకే, అదీ కొన్ని రాత్రులే. ఉచితంగా ఉన్న రాత్రి పోయింది, టికెట్ పెట్టిన రాత్రి వచ్చింది. పార్టీల కంటే నాకు ఇది ఎక్కువ కష్టంగా అనిపించింది.

రెండోకాఫీ
నా మొదటి పోస్టులో కొంచెం తొందరపడ్డాననిపిస్తోంది. ఇన్ని రాత్రులని నాకు తెలీదు. ఏడాదిలో ఓ వారం ఉంటుందేమో అనుకున్నాను.

టోక్యోలోమేం
మేం జపాన్‌లో నాలుగేళ్లున్నాం, ఆ ముచ్చట చెప్తాను. టోక్యో డిస్నీల్యాండ్‌లో హాలోవీన్ అంటే పగటి టికెట్‌లోనే పరేడ్, అలంకరణ అన్నీ. ఇంకో మంచి విషయం, సాయంత్రం టికెట్ వేరే ఉంటుంది. మామూలు రోజుల్లో 5 గంటల తర్వాత వచ్చేవాళ్లకి ఒకటి, శని, ఆదివారాలూ సెలవు రోజుల్లో 3 గంటల తర్వాత వచ్చేవాళ్లకి ఒకటి. 2023 అక్టోబర్‌లో పూర్తి రోజు టికెట్ పెద్దవాళ్లకి 7,900 నుంచి 10,900 యెన్లు ఉండేది. 5 తర్వాత టికెట్ 4,500 నుంచి 6,200. నేను ఆఫీసు నుంచి నేరుగా వెళ్లి, ఓ రైడ్ ఎక్కి, దీపాల పరేడ్ చూసి చివరి రైలుకి ఇంటికొచ్చిన సాయంత్రాలు ఎన్నో.

అక్కడా ధరలు పెరిగాయి, కాదనను. కానీ తక్కువ గంటలకి తక్కువ ధర అన్న సూత్రం అక్కడ నడుస్తోంది. కాబట్టి అది కుదరని పని కాదు.

వార్షికపాస్
ఇదండీ నాకు కావాల్సింది. సాయంత్రానికి సాయంత్రం ధర.

లెక్కలపుస్తకం
టోక్యోలోమేం గారు సరైన చోట పట్టుకున్నారు. ఓర్లాండోలో 2018 అక్టోబర్ నుంచి తేదీని బట్టి ధర మారుస్తున్నారు. మ్యాజిక్ కింగ్‌డమ్ ఒక రోజు టికెట్ 2025లో క్రిస్మస్ రద్దీ రోజుల్లో 199 డాలర్లకి చేరింది. ఏ తేదీకి ఎంత జనం వస్తారో లెక్కగట్టి ధర పెంచుతున్నప్పుడు, ఏ తేదీన ఎన్ని గంటలు తగ్గుతాయో లెక్కగట్టి తగ్గించడం కూడా అదే యంత్రంతో అయ్యే పని. తగ్గిస్తే చాలదు, "ఈ రోజు సాయంత్రం 6కే మూసేస్తాం, అందుకే ఈ ధర" అని అంకె పక్కనే రాయాలి. కొనే మనిషికి ఎంచుకునే వీలు అప్పుడు వస్తుంది. కవలలఅమ్మ గారు సంతోషంగా ఆ రోజే కొంటారు, వేసవిసెలవు గారు మర్నాడు కొంటారు. ఇద్దరికీ మేలే.

కవలలఅమ్మ
సంతోషంగా కొంటాను. తక్కువ ధరకైతే రెండు రోజులు కొంటాను.

తీరికవేళ
ధర తగ్గిస్తే ఆ రోజు జనం ఎగబడతారు, అప్పుడు మీ చిన్న క్యూలు పోతాయి. అదీ ఆలోచించండి.

కవలలఅమ్మ
అవును, అది నేను ఆలోచించలేదు. అయినా పక్కవాళ్లు తెలియక మోసపోతే నాకు క్యూ తగ్గాలని కోరుకోలేను.

చీకటిగది
భయపెట్టే పార్టీల సంగతి కూడా రాయండి. యూనివర్సల్ స్టూడియోస్ ఫ్లోరిడాలో హాలోవీన్ హారర్ నైట్స్ 1991 నుంచి ఉంది. ఆ రాత్రుల్లో పగటి టికెట్ వాళ్లకి సాయంత్రం 5కే మూసేస్తారు. 13 ఏళ్ల లోపు పిల్లలకి తగదని వాళ్లే చెప్తారు. అక్కడ రాత్రినీ పగలునీ విడగొట్టడం నాకు సబబుగానే ఉంది. భయపెట్టే వేషగాళ్ల మధ్య స్ట్రోలర్లు తిరగకూడదు కదా. పక్కనే ఉన్న రెండో పార్కు మామూలుగానే నడుస్తుంది, రెండు పార్కుల టికెట్ ఉంటే అటు వెళ్లొచ్చు. చిన్నపిల్లల పార్టీ కోసం చిన్నపిల్లలనే బయటికి పంపడం దగ్గరే నాకూ మనసొప్పదు.

గోదారిగట్టు
చివరి వాక్యం నా మనసులో మాట.

పాతయూనిఫారం
తీరికవేళ గారు "వాళ్ల ఇష్టం" అన్నారు. అప్పటి డిస్నీ ముఖ్య అధికారి బాబ్ ఐగర్ స్వయంగా 2023 మార్చిలో, లాభాల ఆత్రంలో కొన్ని ధరల విషయంలో కాస్త దూకుడుగా పోయామని ఒప్పుకున్నారు. ఆ ఏడాది మొదట్లోనే ఓర్లాండో హోటల్ అతిథులకి రాత్రి పార్కింగ్ రుసుము తీసేశారు. జనం అడిగితే కొన్ని మారతాయి. అందుకే వేసవిసెలవు గారు ఆ పార్కుకి ఒక ఉత్తరం రాయాలి. కోపంగా వద్దు. కొన్న తేదీ, కొన్న పేజీ ఫొటో, మూసిన వేళ, ఈ మూడూ పెట్టి రాయండి. అలాంటి ఉత్తరాలు చదివే విభాగం ఉంటుంది, నేను చూశాను.

వేసవిసెలవు
రాశాను, నిన్న రాత్రే. మీరన్న మూడూ పెట్టాను. డబ్బు తిరిగిమ్మని అడగలేదు. ధర పక్కన మూసే వేళ రాయమని అడిగాను.

బొమ్మలపెట్టె
వేసవిసెలవు గారూ, మీ అత్తగారు ఇంకా ఇక్కడే ఉన్నారు కదా? ఓర్లాండో మీకు ఎంత దూరం?

వేసవిసెలవు
కారులో ఆరు గంటలు. ఎందుకండీ?

బొమ్మలపెట్టె
మ్యాజిక్ కింగ్‌డమ్ ఎదురుగా సరస్సు ఒడ్డున పాలినీషియన్ అని ఒక హోటల్ ఉంది. దాని ఇసుక ఒడ్డు మీద నుంచి బాణసంచా కనబడుతుంది, పార్కు టికెట్ అక్కర్లేదు. పార్టీ రాత్రులైనా ఆకాశానికి గేటు లేదు.

లెక్కలపుస్తకం
అది బాగుంటుంది, కాకపోతే దూరం నుంచి. లోపలి నుంచే చూపించాలంటే ఎప్కాట్ చూడండి, అక్కడే డిస్నీ వాళ్ల ఇంకో పార్కు. అక్కడ రాత్రి సరస్సు మీద బాణసంచా ఉంటుంది, ఈ హాలోవీన్, క్రిస్మస్ పార్టీల గొడవ లేదు. 2024 జనవరి నుంచి రెండు పార్కుల టికెట్‌తో ఏ వేళకైనా మారొచ్చు. పొద్దున మ్యాజిక్ కింగ్‌డమ్‌లో పిల్లలు, సాయంత్రం మోనోరైల్ ఎక్కి ఎప్కాట్‌లో అత్తగారు.

కవలలఅమ్మ
సరస్సు చుట్టూ దారి వెడల్పుగా ఉంటుంది, వీల్‌చైర్‌కి ఇబ్బంది లేదు. కాకపోతే గంట ముందే వెళ్లి చోటు చూసుకోండి. వెనక ఉంటే కూర్చున్నవాళ్లకి ముందువాళ్ల వీపులే కనబడతాయి.

టోక్యోలోమేం
రాత్రి నీటి మీద గాలి ఉంటుంది, శాలువా పెట్టుకోండి పెద్దావిడకి.

తీరికవేళ
నేను గట్టిగా మాట్లాడాను, మనసులో పెట్టుకోకండి. ధర వాళ్ల ఇష్టమని ఇప్పుడూ అంటాను. మూసే వేళ మాత్రం టికెట్ మీదే ఉండాలి. ఉత్తరానికి జవాబు వస్తే ఇక్కడ పెట్టండి.

వేసవిసెలవు
తప్పకుండా పెడతాను. మా ఆయన సోమవారానికి సెలవు అడిగారు, దొరికింది. అత్తగారికి ఇంకా చెప్పలేదు, దారిలో చెప్తాం. ఈసారి వేళల పేజీ ముందు తీశాను. ఎప్కాట్ ఆ రోజు రాత్రి తొమ్మిది దాకా ఉంది, బాణసంచా ఉంది. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నాను.

కవలలఅమ్మ
ఆవిడ ఏమన్నారో మాకు రాయండి.